సముద్రం లేని ఊరిలో నావికుల మాట

జంషెడ్‌పూర్‌లో క్రేను కింద వినిపించే ఒక చిన్న కేక వెనుక అయిదు శతాబ్దాల ఓడప్రయాణం దాగి ఉన్నది.

జంషెడ్‌పూర్‌లో సముద్రం లేదు. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, ఛోటానాగపూర్ పీఠభూమి అంచున వెలసిన ఆ ఉక్కు నగరానికి బంగాళాఖాతం నూట యాభై కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడ గాలిలో ఉప్పుతేమ ఉండదు. కెరటాల హోరు వినబడదు. అక్కడి ఆకాశాన్ని ఏలేవి కొలిమి గొట్టాలు.

అయినప్పటికీ, టన్నుల బరువుగల యంత్రభాగాన్ని క్రేను కొక్కేనికి తగిలించి పైకెత్తే ఘడియలో, కింద నిలిచిన కళాసీ తలయెత్తి వేసే కేక మాత్రం అచ్చంగా ఓడది. “హబేస్!” అంటే పైకెత్తు. “ఆరియా!” అంటే కిందికి దించు. ఒక్క జంషెడ్‌పూరే కాదు, కలకత్తా, బొంబాయి, కొచ్చిన్ రేవులు మొదలుకొని వంతెనలు, విద్యుత్కేంద్రాలు నిర్మించే స్థలాల వరకు, భారతదేశంలో బరువులెత్తే పని ఉన్న ప్రతిచోటా ఈ జంట మాటలు ఏదో ఒక రూపంలో వినిపిస్తాయి. ఒకచోట “హబేస్” మరొకచోట “హాఫీజ్” అవుతుంది. “ఆరియా” కాస్తా “ఆర్యా” అయి, వినేవారికి సంస్కృత పదమేమోనన్న భ్రమ కలిగిస్తుంది.

సంస్కృతానికి దానితో ఏ సంబంధమూ లేదు. పోర్చుగీసు భాషలో తెరచాపను కిందికి దించడాన్ని “అర్రియార్” అంటారు. 1498లో వాస్కోడగామా కాలికట్ తీరం చేరిన తరువాత ఆ భాష అరేబియా సముద్రంలోని ఓడలపైకి ఎక్కింది. పోర్చుగీసు ఆధిపత్యం అస్తమించి శతాబ్దాలు గడిచాయి. తెరచాపల ఓడలు సైతం కనుమరుగైనాయి. కాని వారి నావికులు నేర్పిన ఒక క్రియాపదం, తన తాత ముత్తాతలు ఏనాడూ సముద్రాన్ని చూడని కార్మికుని నాలుకపై నేటికీ పనిచేస్తూనే ఉన్నది.

తెర మీది దొంగ, నిజమైన నావికుడు

సముద్రపు భాష అనగానే లోకానికి స్ఫురించేది ఓడదొంగల భాష. ఒంటికన్నుకు నల్లని గంత, భుజం మీద చిలుక, మాటకు ముందొకసారి వెనుకొకసారి “ఆర్ర్” అన్న గర్జన. సెప్టెంబరు 19వ తేదీన “ఓడదొంగలా మాట్లాడే దినం” జరుపుకొనే సరదా రాయుళ్ళు సైతం ప్రపంచంలో ఉన్నారు. 1995లో ఇద్దరు అమెరికన్ మిత్రులు వేడుకగా మొదలుపెట్టిన ఆచారమది.

నిజానికి ఆ గర్జన సముద్రంలో పుట్టలేదు. చలనచిత్ర నిర్మాణశాలలో స్థిరపడింది. స్టీవెన్సన్ రచించిన ‘ట్రెజర్ ఐలండ్’ నవల 1883లో గ్రంథరూపంలో వెలువడింది. 1950లో డిస్నీ సంస్థ దానిని చిత్రంగా తీసినప్పుడు, ఒంటికాలి ఓడదొంగ లాంగ్ జాన్ సిల్వర్ పాత్రను రాబర్ట్ న్యూటన్ అనే నటుడు ధరించాడు. ఇంగ్లండు నైరుతి ప్రాంతానికి చెందిన ఆయన తన ఊరి యాసనే మరికాస్త సాగదీసి పలికాడు. అటుపిమ్మట ఓడదొంగ వేషం కట్టిన ప్రతివాడూ ఆ యాసనే అనుకరించాడు. చూసినవారందరూ ఓడదొంగల భాష అదేనని నమ్మారు.

ఓడదొంగలకు ప్రత్యేకమైన భాష ఏదీ ఉన్నట్టు ఆధారాలు లేవు. పదిహేడు, పద్ధెనిమిది శతాబ్దాల ఓడదొంగలలో అధికసంఖ్యాకులు అంతకు ముందు వర్తక నౌకలలోనో, యుద్ధ నౌకలలోనో పనిచేసినవారే. కూలి చాలక, కొరడాదెబ్బలు భరించలేక దారి తప్పినవారు ఎందరో. నిన్నటి నావికుడు నేడు దొంగ అయినంత మాత్రాన అతని మాట మారదు. ఆ మాట ఏ ఒక్క దేశానిదీ కాదు. “ఆగు” అనడానికి ఇంగ్లీషు నావికుడు వాడిన “అవాస్ట్” అన్న పదం, “గట్టిగా పట్టుకో” అన్న డచ్చి మాటకు రూపాంతరం. కరిబియన్ దీవుల దొంగలను పిలిచిన “బుకనీర్” అన్న పేరు, మాంసాన్ని పొగబెట్టడానికి అమెరికా ఆదివాసులు వాడిన కర్రల పందిరి పేరునుండి ఫ్రెంచి నోట మారి వచ్చింది. దొంగ పేరు వెనుక సైతం ఒక వంటపొయ్యి ఉన్నదన్నమాట.

ఓడ మీద భాష అలంకారం కాదు, పనిముట్టు. ఇరవై మంది ఒకే క్షణంలో ఒకే మోకును లాగాలి. వారిలో ఒకడు ముందు లాగినా, మరొకడు ఆలస్యంగా వదిలినా చేతులు తెగుతాయి, కొయ్య విరుగుతుంది. తెలుగునాట బరువు లాగేవారూ, పడవ నడిపేవారూ “హైలెస్సా” అని ఎందుకు పాడతారో ఎరిగినవారికి ఈ సూత్రం విశదమే. అందులో అర్థంకన్న అదను ముఖ్యం.

లష్కరీ: ఎవరిదీ కాని అందరి భాష

హిందూ మహాసముద్రంలో తిరిగిన ఓడలలో ఈ అవసరం మరింత తీవ్రమైనది. ఒకే ఓడపై గుజరాతీ, కొంకణీ, మలయాళీ, తెలుగు, బెంగాలీ, అరబ్బు, మలయు నావికులు కలిసి పనిచేసేవారు. ఆజ్ఞలిచ్చే అధికారి ఇంగ్లీషువాడు. వీరందరినీ కలిపి “లాస్కర్లు” అనేవారు. ఆ పేరుకు మూలం సైన్యం అన్న అర్థంగల పారశీక పదం “లష్కర్”. వీరి వాడుకలో హిందుస్తానీ చట్రంపై పోర్చుగీసు, అరబ్బీ, పారశీక, ఇంగ్లీషు పదాలు అల్లుకొని ఒక కొత్త పలుకుబడి రూపొందింది. దానినే “లష్కరీ” అన్నారు.

దీనికి ఒక నిఘంటువు కూడా వెలువడింది. మద్రాసు సైన్యానికి చెందిన థామస్ రోబక్ అనే అధికారి ఇంగ్లీషు నౌకా పదాలకు హిందుస్తానీ సమానార్థకాలు కూర్చి, 1811లో కలకత్తాలో ప్రచురించాడు. తుఫాను విరుచుకుపడినప్పుడు ఆజ్ఞ అర్థం కాకపోతే ఓడ, సరుకు, ప్రాణాలు ఒక్కసారిగా పోతాయి. అధికారులు నావికుల భాష నేర్చుకొనడం మర్యాద కోసం కాదు, ప్రాణరక్షణ కోసం. ఆ గ్రంథాన్ని జార్జి స్మాల్ సంస్కరించగా, 1882లో ‘లష్కరీ నిఘంటువు’ అన్న పేరుతో లండన్‌లో మళ్ళీ వెలువడింది. ఇటీవలి కాలంలో నవలాకారుడు అమితావ్ ఘోష్ తన ‘సీ ఆఫ్ పాపీస్’ నవలలో (2008) ఈ మరుగునపడిన పలుకుబడికి మరల జీవం పోశాడు.

ఓడ మీది హోదాల పేర్లు చూస్తేనే ఆ భాష ఎన్ని రేవులు తిరిగిందో తెలుస్తుంది. నావికుల నాయకుడు సరంగు. అది పారశీకంలో దళాధిపతి అన్న అర్థంగల “సర్‌హంగ్”. దారి చూపే మాలుమి అరబ్బీలో గురువు. “ముఅల్లిమ్” అన్న పదం నుండి వచ్చినవాడు. ముందు కొయ్యను “త్రికట్” అన్నారు. పై తెరచాప “గావీ”. ఈ రెండూ పోర్చుగీసువి. వంటచేసే భండారీ మాత్రం మనవాడే.

మన నోట ఉన్న సముద్రం

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకొనే తెలుగు పాఠకుడు తాను రోజూ మాట్లాడే మాటలను ఒకసారి తడిమి చూసుకొనవలసి ఉన్నది.

గోదావరి మీద పాపికొండల దారిలో లాంచీ ఎక్కినవారికి సరంగు అపరిచితుడు కాడు. దళాధిపతి అన్న పారశీక బిరుదు భద్రాచలం దారిలో లాంచీ నడిపేవానికి చెల్లింది. ఓడను నిలిపే “లంగరు” పారశీకం. మచిలీపట్నానికి మారుపేరైన “బందరు” కూడా ఆ భాషలో రేవు అన్న అర్థంగల మాటే. అన్నిటికన్న ఆశ్చర్యకరమైనది “చుక్కాని”. చుక్కలను చూసి దారి తెలుసుకొనే నావికునికి తగిన అచ్చతెలుగు పదంలా ధ్వనించే ఈ మాటకు మూలం అరబ్బీలోని “సుక్కాన్”. ఓడ నడిపేవాడు లష్కరీలో “సుక్కానీ” అయినాడు. నాయకుని గురించి “జాతికి చుక్కాని” అని ఉపన్యాసాలలో పొగిడే ప్రతిసారీ మనం అరబ్బు నావికుని ఋణం కొంత తీర్చుకొంటున్నట్టే.

“లష్కర్” కథ ఇంకా విచిత్రమైనది. సికింద్రాబాదులో సైనిక శిబిరం వెలసిన కారణాన ఆ ప్రాంతానికి లష్కర్ అన్న పేరు నిలిచింది. ఉజ్జయినీ మహంకాళి జాతరను నేటికీ “లష్కర్ బోనాలు” అంటారు. సముద్రంలో అదే మాట నావికుడయింది. నీటిపారుదల శాఖలో కాలువ గట్లను, తూములను కనిపెట్టి ఉండే చిరుద్యోగి సైతం “లస్కరు”. సైనికుడు, నావికుడు, కాలువ కావలివాడు: ముగ్గురిదీ ఒకే పేరు. నీటిని ఆనుకొని, ఆజ్ఞకు కట్టుబడి పనిచేసేవానికి ఆ పేరు అతుక్కుపోయింది.

ఇక “తండేలు”. ఓడలో సరంగు తరువాతివాడు తండేలు. తెలుగు, మలయాళం, మరాఠీ తీరాలన్నిటా ఉన్న ఈ మాట రేవులు దాటి భూమి మీదికి వచ్చి, కట్టడాల దగ్గర కూలీల ముఠాకు పెద్ద అన్న అర్థాన్ని సైతం సంతరించుకొంది. శ్రీకాకుళం తీరం నుండి గుజరాత్ వెళ్ళి మరపడవలలో వేట సాగించే మత్స్యకారులలో పడవ పెద్ద నేటికీ తండేలే. 2018 నవంబరులో ఆ జిల్లా మత్స్యకారులు కొందరు పొరపాటున జలసరిహద్దు దాటి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైనారు. ఆ ఘటన ఆధారంగా 2025లో ‘తండేల్’ పేరుతో తెలుగు చలనచిత్రం రాగా, తీరం దాటి ఎరుగని ఆ మాట ఊరూరా ప్రాకింది.

తెలుగువారికి సముద్రం కొత్త కాదు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకనాడు ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు పేరెన్నికగన్న రేవు. అక్కడినుండి ఓడలెక్కి వలసపోయిన కారణాన బర్మాలో తెలుగువారిని “కోరంగీలు” అనేవారు. 1789, 1839 సంవత్సరాల ఉప్పెనలు ఆ రేవును దెబ్బతీశాయి. కాలక్రమాన తీరాంధ్ర శ్రమజీవి ఓడ బదులు రైలెక్కడం మొదలుపెట్టాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే అతనిని ఖరగ్‌పూర్‌కు, అక్కడినుండి జంషెడ్‌పూర్‌కు చేర్చింది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నిలిచిన గుర్తు.

తెరచాప కొయ్య నుండి క్రేను వరకు

ఓడ మీది మాట కొండలు, అడవులు దాటి ఉక్కు నగరం చేరిన వైనం తెలియాలంటే “కళాసీ” అన్న ఒక్క పదాన్ని వెంబడించడం చాలు.

కళాసీకి మూలం విడుదల అన్న అర్థంగల అరబ్బీ పదం “ఖలాస్” అని సాధారణంగా చెబుతారు. మొదట అతడు నావికుడు. తాడు, కప్పీ, కొయ్య, ముడి: ఈ నాలుగిటినీ ఎరిగినవాడు. భూమి మీద డేరా వేయడానికి కావలసినవీ ఆ నాలుగే. కనుక దొరల దండులో డేరాలు వేసేవాడు కళాసీ అయినాడు. డేరాలతోపాటు కొలత గొలుసు మోయవలసి రాగా సర్వే శాఖలో సహాయకుడయినాడు. 1860లో హిమాలయాల స్పితి ప్రాంతంలోని షిల్లా శిఖరంపై సర్వే గుర్తుకర్రను పాతి వచ్చినవాడు ఒక కళాసీ. ఆ శిఖరం ఏడువేల మీటర్లకు పైబడినదని ఆనాటి లెక్క. మానవుడు అధిరోహించిన అత్యున్నత స్థానంగా అది చాలాకాలం చెలామణి అయింది. తరువాతి కొలతలలో శిఖరం ఎత్తు తగ్గింది. తగ్గడానికి సైతం ఆ కళాసీ పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

రైల్వేలు వచ్చాయి. నదులపై ఇనుప దూలాలు పరచాలి. బరువులను అంగుళం అంగుళం జరిపి, గాలిలో వేలాడదీసి, సరిగ్గా స్తంభం మీద కూర్చోబెట్టాలి. తెరచాప కొయ్యను ఓడలో నిలబెట్టిన చేతులకు ఇది కొత్త విద్య కాదు. రైల్వే శాఖ తన ఉద్యోగ పట్టికలోనే కళాసీకి స్థానం కల్పించింది.

1907 ఆగస్టు 26న టాటా ఉక్కు సంస్థ స్థాపితమైంది. మరుసటి ఏడు సాక్చి అనే పల్లె వద్ద నిర్మాణం మొదలైంది. విదేశాలలో తయారైన యంత్రభాగాలు ఓడలలో కలకత్తా రేవుకు చేరి, అక్కడినుండి రైలుమీద కాలీమాటి స్టేషనులో దిగేవి. రేవులో ఒకసారి, స్టేషనులో మరొకసారి, కర్మాగారంలో ఇంకొకసారి ప్రతి బరువునూ ఎత్తాలి, దించాలి. ఎత్తించేవానికి, ఎత్తేవానికి నడుమ నడిచిన మాట కూడా ఆ బరువుల వెంటే ప్రయాణం చేసింది. 1912 ఫిబ్రవరి 16న అక్కడ మొదటి ఉక్కు దిమ్మ తయారైంది. 1919 జనవరి 2న వైస్రాయ్ ఛెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు మీదుగా జంషెడ్‌పూర్ అని నామకరణం చేయగా, కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది.

ఉక్కు తిరిగి నీటి చెంతకే వెళ్ళింది. 1943లో ప్రారంభమైన హౌరా వంతెనకు పట్టిన ఇరవైయారువేల అయిదువందల టన్నుల ఉక్కులో ఇరవైమూడువేల టన్నులు జంషెడ్‌పూర్ నుండి వచ్చినవే. రేవు నుండి మాట కర్మాగారానికి వచ్చింది. కర్మాగారం నుండి వంతెన రేవుకు వెళ్ళింది.

అక్కడ పనిచేసేవారు ఎవరు? సంతాలీ, హో, ఒడియా, బెంగాలీ, భోజ్‌పురీ, పంజాబీ, తెలుగు మాట్లాడేవారు. ఒకే గొలుసుకు అటొకరు, ఇటొకరు. “ఎత్తు” అని తెలుగులో అంటే అవతలివానికి తెలియదు. అతని మాట ఇతనికి తెలియదు. “హబేస్”, “ఆరియా” ఎవరి మాతృభాషా కాదు. అందుచేతనే అవి అందరివీ అయినాయి. ఓడ మీద ఏ ఇక్కట్టు లష్కరీని పుట్టించిందో, అదే ఇక్కట్టు ఉక్కు నగరంలో దానిని బ్రతికించింది.

కర్మాగారంలో ఓడ గుర్తులు

ఓడ మాటలు కార్మికుల నోటనే ఉన్నాయనుకొంటే పొరపాటు. ఇంజనీరు బల్ల మీది ఇంగ్లీషు మాటలూ ఉప్పునీటిలో నానినవే.

ప్రతి పాళీ ముగిసేవేళ యంత్రాల స్థితిగతులు రాసే “లాగ్‌బుక్” సంగతి చూడండి. లాగ్ అంటే కొయ్యముక్క. ఓడ వేగం తెలుసుకొనడానికి, సమదూరంలో ముడులు వేసిన తాడుకు కొయ్యముక్క కట్టి నీటిలో విసిరేవారు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపల ఎన్ని ముడులు చేతిలోనుండి జారితే అన్ని “నాట్లు” ఓడ వేగం. ఆ లెక్క రాసే పుస్తకం లాగ్‌బుక్. నేడు కంప్యూటరులోకి “లాగిన్” అయ్యే గుమాస్తా తనకు తెలియకుండానే ఒక కొయ్యముక్కను సముద్రంలోకి విసురుతున్నాడు.

యంత్రాన్ని విప్పి శుభ్రపరచి బిగించే “ఓవర్‌హాలింగ్” మొదట ఓడ తాళ్ళను, కప్పీలను వదులుచేసి లాగి పరీక్షించే పని. బరువులకు గొలుసులు బిగించే “రిగ్గర్” ఓడకు కొయ్యలు, తాళ్ళు అమర్చినవాడు. రైలులో మనం పోట్లాడి సంపాదించే “బెర్తు” ఒకప్పుడు ఓడ నిలిచే చోటు, తరువాత నావికుడు నిద్రించే చోటు.

ఇక బరువులెత్తే “డెర్రిక్” పేరు వెనుక ఒక తలారి ఉన్నాడు. క్రీ.శ. 1600 ప్రాంతంలో లండన్‌లో ఉరితీసే పని చేసిన డెర్రిక్ అనేవాని పేరే మొదట ఉరికొయ్యకు, తరువాత ఆ ఆకారంలో ఉండి ఓడలకు సరుకులెత్తే కొయ్యకు స్థిరపడింది. 1701లో కెప్టెన్ కిడ్‌ను లండన్ థేమ్స్ నది ఒడ్డున ఓడదొంగతనం నేరానికి ఉరితీశారు. దొంగను పైకెత్తినదీ, సరుకును పైకెత్తినదీ ఒకే విధమైన కొయ్య, ఒకే విధమైన తాడు.

ఒక మాట విలువ

క్రేను కింద మాట చమత్కారానికి పనికివచ్చేది కాదు. కరిగిన ఉక్కు వేడిమి సుమారు 1,600 డిగ్రీల సెంటిగ్రేడు. అటువంటి ద్రవం నిండిన మహాపాత్రను క్రేను మోసుకుపోయే కర్మాగారంలో “ఎత్తు”, “దించు” అన్న రెండు ఆజ్ఞలు పొరపాటున కూడా ఒకదానినొకటి పోలకూడదు. ఆ దృష్టితో వింటే నావికుల ఎంపిక ఎంత గట్టిదో తెలుస్తుంది. “ఆరియా”లో నోరు తెరుచుకొని స్వరం సాగుతుంది. గాలిలో దూరం పోతుంది. “హబేస్” ఊపిరితో మొదలై తటాలున తెగుతుంది. సగం వినబడినా ఏది ఏదో తెలిసిపోతుంది. ఏ పండితుల సంఘమూ కూర్చుని తీర్మానించిన పదాలు కావవి. పనికిరాని మాటలను హోరుగాలి కొట్టుకుపోగా మిగిలినవి.

యంత్రాల రొద పెరిగినకొద్దీ గొంతు చాలలేదు. చేతి సంజ్ఞలు వచ్చాయి. ముంజేయి నిలబెట్టి చూపుడువేలు తిప్పితే పైకి. వేలు నేలవైపు చూపి తిప్పితే కిందికి. క్రేను నడిపేవానికి సంజ్ఞలిచ్చేవాడు ఒక్కడే ఉండాలన్నది నియమం. కాని “ఆపు” అన్న సంజ్ఞను మాత్రం ఎవరిచ్చినా మన్నించి తీరాలి. ప్రాణం విషయంలో చిన్నా పెద్దా తారతమ్యం లేదు. సంజ్ఞల తరువాత చేతి రేడియోలు, ఆపైన మీటలతో దూరం నుండి నడిపే క్రేనులు వచ్చాయి. ఇవి ప్రాణాలను కాపాడే మార్పులు. వాటిని కాదనేవారు లేరు. అయితే కేక అవసరం తగ్గినకొద్దీ దానిని నేర్చుకొనేవారూ తగ్గుతారు.

హోదా పేర్లు కూడా మారుతున్నాయి. రైల్వేలో కళాసీలు “హెల్పర్లు” అయినారు. కళాసీ అన్న మాట చాలాకాలం నిలిచిన ఒక చోటు అధికారుల బంగళా. ఫోను అందుకొని, ఇంటిపనులు చూసే “బంగళా కళాసీ” పదవికి కొత్త నియామకాలను 2020 ఆగస్టులో రైల్వే బోర్డు నిలిపివేసింది. తుఫానులో కొయ్య చివరికి ఎగబ్రాకిన నావికుని పేరు చివరకు టీ కప్పులు అందించే పనికి దిగజారడం ఒక మాట చరిత్రలో విషాదఘట్టమే.

యంత్రం ఆగినచోట

అయితే ఆ విద్య విలువ ఏమిటో అప్పుడప్పుడు ఆపదలే గుర్తుచేస్తాయి. 1988 జులై 8న కేరళలో పెరుమన్ వంతెన వద్ద ఐలండ్ ఎక్స్‌ప్రెస్ అష్టముడి సరస్సులో పడిపోయి నూరుమందికి పైగా మరణించారు. మునిగిన పెట్టెలను పైకి తీసే పనిలో మలబారు తీరపు కళాసీలు పాల్గొన్నారు. తరతరాలుగా బేపూరులో ఓడలను నేలమీదినుండి నీటిలోకి దించే కుటుంబాలు వారివి. వారి ఆయుధాలు తాడు, కప్పీ, దుంగ, దానితోపాటు అందరి గొంతులనూ ఒకటిచేసే పాట.

తెలుగునాట అటువంటి దృశ్యమే 2019లో కనిపించింది. సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద విహారానికి వెళ్ళిన పడవ మునిగిపోయింది. వరద, లోతు, సుడిగుండాల నడుమ దానిని వెలికితీయడం అసాధ్యమనిపించింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఉక్కు తాళ్ళు వేసి, పట్టు తప్పితే మళ్ళీ వేసి, అక్టోబరు 22న పడవను ఒడ్డుకు చేర్చింది. అయినవారి దేహాలకోసం అయిదు వారాలకు పైగా ఏటి ఒడ్డున కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన కుటుంబాలకు ఆ తాడుపట్టు విలువ ఏమిటో వేరొకరు చెప్పనక్కరలేదు.

కలకత్తాలో హుగ్లీ ఒడ్డున 1924లో నెలకొల్పిన ఒక స్మారకం ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో అసువులు బాసిన బెంగాల్, అస్సాం లాస్కర్లు 896 మందికి అది జ్ఞాపకచిహ్నం. అటువంటి భాగ్యం అందరికీ దక్కలేదు. షిల్లా శిఖరమెక్కిన కళాసీకి శిల లేదు. హౌరా దూలాలను నింగిలో నిలిపినవారి పేర్లు వంతెన దాటే లక్షలాది జనానికి తెలియవు. కోరంగి ఓడలెక్కిన తెలుగు నావికుల జాబితా ఎవరి బీరువాలోనూ కనబడదు.

వారు వదిలివెళ్ళిన ఆస్తి మాటలే. వాటిని నిలుపుకొనడం కష్టమైన పని కూడా కాదు. పదవీవిరమణ చేసిన ప్రతి కళాసీ, ప్రతి సరంగు, ప్రతి తండేలు ఒక నడిచే నిఘంటువు. ఇంట్లో ఉన్న మనుమడు కాగితం, కలం పట్టి పక్కన కూర్చుంటే చాలు. రోబక్ తన కాలంలో చేసిన పనిని ఈనాడు ప్రతి పేటలోనూ చేయవచ్చు.

జంషెడ్‌పూర్‌లో కొక్కెం కిందికి దిగుతుంది. బరువు నేలను తాకే ముందు ఒక్క జానెడు ఎడం. కళాసీ చెయ్యి చాచి, గొంతు తగ్గించి, పసిపాపను పడుకోబెట్టే తల్లిలా అంటాడు: “ఆరియా... ఆరియా...” అయిదువందల ఏళ్ళ క్రితం ఏదో తీరాన, ఎవరో పేరులేని నావికుడు తెరచాపను దించుతూ పలికిన మాట అది. బరువు క్షేమంగా నేల చేరుతుంది. దాని చుట్టూ నిలిచినవారందరూ క్షేమంగా ఇల్లు చేరుతారు.